పల్నాట్లో చిటికెనవేలంత కత్తి

పల్నాడు వెళ్ళేముందు ఒక కత్తి కొనుక్కోవాలని నేను అన్నప్పుడు నా పాత సహోద్యోగులు నవ్విన నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది. "అక్కడికి కత్తి కొనుక్కెళ్ళడమేమిటి, బస్సు దిగగానే ఎవరో ఒకరు ఇస్తారు" అన్నాడొకడు. విశాఖపట్నంలో ఒక దినపత్రిక డెస్కు మీద మా అందరి జీవితాలూ గడిచాయి. ఆ ప్రాంతం నుంచి వచ్చే గొడవల వార్తలు దిద్ది దిద్ది, అక్కడ ప్రతి గుమ్మానికీ ఒక వేటకొడవలి వేలాడుతుంటుందన్న భ్రమ మాకు పట్టుకుంది. అలాంటి చోట చిన్న మడత కత్తి ఒకటి సంపాదించడానికి నేను పడిన పాట్లు, అటు వెళ్ళనివాళ్ళ కోసం రాస్తున్నాను.

కత్తి నాకు కాదు, మా ఆవిడ సుభద్రకి. మూడేళ్ళ కింద ఆమె గొంతుకి ఆపరేషన్ అయింది, తర్వాత రేడియేషన్, అదే కరెంటు, పెట్టారు. ఆ వైద్యం మనిషిని దక్కించింది గానీ ముద్ద దిగే దారిని సన్నం చేసింది. అన్నం పరవాలేదు. మిగతా ఏదైనా చింతగింజంత ముక్కలు చేస్తే తప్ప దిగదు. ఇంట్లో అదొక లెక్క కాదు. ఒక గృహప్రవేశంలో మాత్రం బూరె ముక్క అడ్డుపడి ఊపిరాడలేదు. నలుగురూ చేరి వీపు చరిచారు, ఒకాయన ఫోన్లో వీడియో తీశాడు. ఆ రోజు నుంచి సుభద్ర బయట ఎవరి ముందూ తినలేదు. పెళ్ళికి వెళ్తుంది, అక్షింతలు వేస్తుంది, తలనొప్పని చెప్పి ఖాళీ కడుపుతో ఇంటికొస్తుంది.

ఇంతలో మాచర్ల నుంచి గ్రేసమ్మ ఫోన్ చేసింది. ఇద్దరూ విశాఖలో ఒకే బడిలో పాఠాలు చెప్పారు. రిటైరయ్యాక గ్రేసమ్మ సొంత ఊరికి వెళ్ళిపోయింది. ఇప్పుడు కూతురి పెళ్ళి. "అక్కా, తలనొప్పి గిలనొప్పి అంటే ఒప్పుకోను. మా బంతిలో కూర్చుని తినాల. నువ్వు తింటేనే నేను తింటా" అంది. ఫోన్ పెట్టేసి సుభద్ర బీరువాలోంచి పట్టుచీర తీసి మంచం మీద పెట్టింది. తర్వాత, "వెళ్దాం. తింటాను కూడా. కానీ నాకొక కత్తి కావాలి" అంది.

ఆ కత్తికి ఆమె పెట్టిన షరతులు ఇవి. చిటికెనవేలి కంటే పొడవుండకూడదు. పిడికిలి మూస్తే కనబడకూడదు. తెరిస్తే చప్పుడు కాకూడదు. పులుసు తగిలినా తుప్పు పట్టకూడదు. అది ఎవరికోసమో, ఎందుకో, కొనేచోట ఒక్క ముక్క కూడా చెప్పకూడదు. మొదటి నాలుగూ కత్తికి సంబంధించినవి. చివరిది నా ప్రాణానికి వచ్చింది.

విశాఖలోనే కొనకపోయారా అని మీరంటారు. కొన్నాను. ఫోన్లో బొమ్మ చూసి తెప్పించాను. బొమ్మలో చిటికెనవేలంత ఉన్నది ఇంటికొచ్చేసరికి అరచేయంత అయింది. ఆ సంగతి రైల్లో గానీ తేలలేదు, ఎందుకంటే పొట్లం విప్పే తీరిక నాకు అప్పుడే దొరికింది. మీట నొక్కగానే టక్కుమని లేచింది. ఎదుటి బెర్తు మీద పడుకున్నాయన కాళ్ళు ముడుచుకుని గోడవైపు జరిగాడు. "ఇది వద్దు" అని సుభద్ర దుప్పటి కప్పుకుంది.

నరసరావుపేట

శుక్రవారం పొద్దున్న దిగాం. ఇడ్లీలు బాగున్నాయి. ప్లేటు నలభై రూపాయలు, చట్నీతో పాటు ఎర్రటి కారప్పొడి ఒక కుప్ప, దాని మీద నెయ్యి. మా విశాఖలో కారప్పొడిని అడిగితే వేస్తారు. ఇక్కడ వద్దన్నా వేస్తారు, వద్దన్నందుకు ఒకసారి మొహంలోకి చూస్తారు. సుభద్ర గదికి వెళ్ళి ఇడ్లీని పాలల్లో చిదుపుకుని తాగింది. నేను బజారున పడ్డాను.

పెద్ద స్టీలు సామాన్ల కొట్టు. యజమాని నా వయసువాడే.

"చిన్న కత్తి కావాలండీ."

"ఎంత చిన్నది?"

చిటికెనవేలు చూపించాను. ఆయన వేలినీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"దాంతో ఏం తెగుద్దండీ?"

"తెగాల్సినవి తెగుతాయి" అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది. పక్కన కుక్కర్ మూత బిగించి చూస్తున్న ఒకావిడ ఆ పని ఆపేసి ఇటు తిరిగింది.

"ఏం తెగాల బాబాయ్ గారూ?"

"పెన్సిళ్ళు" అన్నాను, నోటికొచ్చింది. యజమాని షార్పనర్ తీసి బల్ల మీద పెట్టాడు. కాదు, కవర్లు చించడానికన్నాను. కత్తెర వచ్చింది. పళ్ళు చెక్కు తీయడానికన్నాను. పీలర్ వచ్చింది, రెండు రంగుల్లో. నేను ఎన్ని అబద్ధాలు చెప్పానో అన్నింటికీ సరిపడే వస్తువు ఆ కొట్టులో ఉంది. నిజానికి సరిపడేది ఒక్కటే లేదు.

"అసలు సంగతి చెప్పండయ్యా, మేమేమన్నా పరాయోళ్ళమా" అంది కుక్కర్ ఆవిడ. ఆమెను నేను చూడటం అదే మొదలు.

మా ఊళ్ళో డబ్బిస్తే వస్తువిస్తారు, ముఖం కూడా చూడరు. అది మర్యాద కాదని నేను కూడా వ్యాసాలు రాశాను. ఆ పూట వాటన్నిటినీ మనసులోనే వెనక్కి తీసుకున్నాను. నరసరావుపేటలో పొద్దుగూకేలోగా నాలుగు కొట్లు తిరిగాను. నాలుగు చోట్లా నా ఊరు, నా ఉద్యోగం, పిల్లలెంతమంది, ఎవరింట్లో పెళ్ళి, అన్నీ కనుక్కున్నారు. కత్తి మాత్రం లేదు. చివరి కొట్టులో ఒకడు గొంతు తగ్గించి, "సార్, ఎవరన్నా బెదిరిస్తన్నారా? చెప్పండి, మా బావ ఉన్నాడు" అన్నాడు. ఆ బావగారు ఏం చేస్తుంటాడో అడగలేదు.

మడతల్లో చిన్న బ్లేడు ఉన్న నెయిల్ కట్టర్ ఒకటి కొని గదికి వెళ్ళాను. జామకాయ మీద పరీక్ష పెట్టాం. జామకాయకి ఏమీ కాలేదు, బ్లేడు వంగింది.

"గోళ్ళు తీసుకునేదాంతో తిండా?" అంది సుభద్ర. "రేపు సాయంత్రం పెళ్ళి. దొరక్కపోతే చెప్పండి. ఎప్పటిలాగే తలనొప్పంటాను."

ఆ మాట ఆమె మామూలుగానే అంది. అందుకే నాకు కోపం ఎక్కువైంది.

గురజాల

శనివారం పొద్దున్నే బస్సు. ఫిబ్రవరిలో ఆ దారి వెళ్ళేవాళ్ళు ముక్కుకి గుడ్డ పెట్టుకోండి. పిడుగురాళ్ళ దాటిన దగ్గర్నుంచి రోడ్డుకి రెండు వైపులా మిరపకాయల కల్లాలు. ఎర్రగా, చూడ్డానికి ఎంతో బాగుంటాయి. గాలి ఇటు తిరిగిందంటే బస్సు బస్సంతా ఒకేసారి దగ్గుతుంది. సుభద్ర పట్టుచీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గురజాల దాకా కళ్ళు తెరవలేదు.

అక్కడ బస్సు మారాలి. బస్టాండు ఎదురుగా ఇనప సామాన్ల కొట్టులో, అద్దాల బీరువాలో, నాకు కావలసిన కత్తి ఉంది. నేను అతిశయోక్తి రాసే మనిషిని కాను. సరిగ్గా చిటికెనవేలంత, స్టీలు పిడి, నున్నగా మడత. రెండు రోజుల్లో మొదటిసారి నాకు నవ్వొచ్చింది.

"అది ఇవ్వండి."

కొట్టాయన సుభద్ర పట్టుచీర వైపు చూశాడు. "పెళ్ళికా అమ్మా?"

"అవునండీ, మాచర్లలో."

"అయితే ఇవ్వను."

నేను సరిగా వినలేదేమో అనుకున్నాను. ఆయన ఎంతో దయగా వివరించాడు. "శనోరం పూట ఇనుం కొనకూడదు గదండీ. అందులోనూ శుభకార్యానికి పోతా. అమ్మితే నాకేం, డబ్బులొస్తాయి. మీకు జరగరానిది జరిగితే నా మనసు ఊరుకోదు. రేపు రండి."

"ఇవ్వాళ సాయంత్రమే పెళ్ళండీ."

"అయితే తిరిగొచ్చేటప్పుడు కొనుక్కోండి."

ఇంతలో ఒక తాపీమేస్త్రి వచ్చి కిలో మేకులు అడిగాడు. ఆయన తూచి ఇచ్చాడు. నేను మేకుల వైపు చూశాను.

"ఆయన రోజూ కొంటాడండీ. ఆయనకి పట్టదు" అన్నాడు కొట్టాయన.

ముందు బల్ల మీద ఇద్దరు పెద్దమనుషులు టీ తాగుతున్నారు. వాళ్ళకి ఈ గొడవ నచ్చింది.

"అది స్టీలు గదా మావా, ఇనుం కాదుగా" అన్నాడు కుర్రవాడు కాని కుర్రవాడు, అరవై దగ్గరపడ్డ మనిషి.

"స్టీలు దేంతో చేస్తార్రా?"

"దేంతో చేస్తే ఏంది, తుప్పు పట్టదుగా. తుప్పు పట్టంది ఇనుం ఎట్టా అయిద్ది?"

"మీ అల్లుడికి జుట్టు లేదు. మనిషి కాకుండా పోయాడా?"

ఈ విచారణ ఎంతసేపు సాగేదో తెలియదు. నేను డబ్బు బల్ల మీద పెట్టాను. కొట్టాయన దాన్ని తిరిగి నా జేబులో పెట్టి, సుభద్రకి మంచినీళ్ళు ఇచ్చి, కూర్చోమని కుర్చీ వేశాడు. అంత మంచివాడి మీద అరవడానికి కూడా వీల్లేదు. చెడ్డవాడైతే ఎంత బాగుండేదో.

బయట గొడుగు కింద తాళంచెవులు చేసే అతని దగ్గర, తాళాల గుత్తుల మధ్య, కీచెయిన్‌కి తగిలించిన ఎర్రపిడి కత్తి కనిపించింది. పొడవు సరిపోయింది.

"నీకు శనివారం పట్టింపుందా?" అని అడిగాను ముందుగానే.

"ఎవరి తాళం ఎప్పుడు పోద్దో ఎవరికి తెలుసు సార్. మాకు శనోరం లేదు, ఆదోరం లేదు" అన్నాడు. అరవై అన్నాడు, ఇచ్చేశాను. బేరమాడితే ఎందుకని అడుగుతాడేమోనని భయం.

ఒకటే ఇబ్బంది. మడత విప్పాలంటే గోరు పెట్టి లాగాలి. సుభద్రకి అంత బలమైన గోళ్ళు లేవు. అతను మడత దగ్గరి మేకుని వెనక నుంచి రెండు దెబ్బలు కొట్టి వదులు చేశాడు. ఇప్పుడు బొటనవేలితో తోస్తే చప్పుడు లేకుండా తెరుచుకుంది. సుభద్ర పిడికిట్లో పెట్టి మూసింది, తెరిచింది, మళ్ళీ మూసింది. ఏమీ కనబడలేదు. "బాగుంది" అంది. అంతదూరం వచ్చాక ఆమె నోట విన్న మొదటి మంచిమాట అది.

మాచర్ల బస్సు

కత్తి నా పైజమా జేబులో పెట్టుకున్నాను. వదులు చేసిన మేకు సంగతి నాకు గుర్తు రాలేదు. రెంటచింతల దగ్గర, వేసవి ఉష్ణోగ్రతల పట్టికలో ఆ పేరుని ఎన్నిసార్లు మొదటి వరసలో పెట్టానో అని ఆలోచిస్తుండగా, బస్సు గుంతలో పడింది. కత్తి జేబులోనే తెరుచుకుంది. తొడ మీద చురుక్కుమంది. కిందికి చూస్తే తెల్ల పైజమా మీద అణా బిళ్ళంత ఎర్ర మరక.

పక్కన కూర్చున్న రైతు, తలపాగా ఆయన, దాన్ని నాకంటే ముందే చూశాడు.

"రక్తం! ఒరేయ్, ఈయనకి రక్తం కారతంది!"

బస్సంతా లేచింది. కండక్టరు తోసుకుంటూ వచ్చాడు. "ఏంది సార్? ఎవరు పొడిచారు?"

"ఎవరూ పొడవలేదు. నేనే" అన్నాను.

ఇది ఇంకా చెడ్డగా వినిపించింది. చేసేది లేక కత్తి తీసి చూపించాను. నేను అనుకున్నదేమిటంటే జనం భయపడతారని. వాళ్ళ ముఖాల్లో కనిపించింది నిరాశ.

"ఇదా?" అన్నాడు తలపాగా ఆయన.

"చూపియ్యి, చూపియ్యి" అని వెనక సీటు. కత్తి చేతులు మారుతూ ముందుకి వెళ్ళింది, వెనక్కి వెళ్ళింది. "దీంతో ఈగ కూడా చావదు." "కాదులే, దోమైతే చస్తది." "ఇది జేబులో పెట్టుకుని మా మాచర్ల వస్తన్నారా పెద్దాయనా? మా పరువేం గానూ?" ఎవరో దాంతో బూందీ పొట్లం కోసుకున్నారు. ఇంకెవరో బత్తాయి ఒలిచారు. నా చేతికి వచ్చేసరికి అది జిడ్డుగా ఉండి బత్తాయి వాసన వేస్తోంది.

సుభద్ర ఇంతసేపూ నేనెవరో తెలియనట్టు కిటికీలోంచి చూస్తోంది. గొడవ సద్దుమణిగాక చేతిరుమాలు ఇచ్చింది.

"ఎవరికీ తెలియకూడదన్నాను."

"నీకోసమని ఎవరికీ తెలియలేదు."

"కత్తి ఉందని బస్సంతటికీ తెలిసింది. వాళ్ళలో సగంమంది పెళ్ళికే వస్తున్నారు."

నేను వెనక్కి తిరిగి చూశాను. నిజమే, చాలామంది కొత్త బట్టల్లో ఉన్నారు.

మాచర్ల

చర్చిలో పాటలు బాగా పాడారు. పెళ్ళికూతురు కంటే గ్రేసమ్మ ఎక్కువ ఏడ్చింది. ఆరుబయట షామియానా కింద పొడుగు బల్లలు వేసి, సాయంత్రం ఎండ ఉండగానే మొదటి బంతి పరిచారు. గారెలు, నాటుకోడి పులుసు, మటన్ బిర్యానీ, గోంగూర, పెరుగు. పులుసు సంగతి ఒక్కమాటలో చెప్పాలంటే, తిన్న తర్వాత కాసేపు మాట్లాడలేం, మాట్లాడాలనీ ఉండదు.

మా వైపు బంతుల్లో వడ్డించేవాళ్ళు వడ్డించి వెళ్ళిపోతారు. ఇక్కడ పద్ధతి వేరు. పెళ్ళివారి మగవాళ్ళు వరసకొకరు చొప్పున నిలబడతారు. వాళ్ళ పని వడ్డించడం కాదు, ఆకులు చూడటం. ఎవరి ఆకులో ఏది తగ్గింది, ఎవరు ఏది పక్కకి నెట్టారు, ఎవరు మొహమాటపడుతున్నారు, అన్నీ కనిపెట్టి కేకేస్తారు. ఇంకో సంగతి, వరసలో అందరి తిండీ అయ్యేదాకా ఎవరూ లేవకూడదు. ఎవరి కంటా పడకుండా, మెల్లగా తినాల్సిన మనిషికి ఇంతకంటే గడ్డు చోటు ఇంకోటి ఉండదు.

మా వరసకి గ్రేసమ్మ తమ్ముడు ప్రకాశం కాపలా. సుభద్రకి ఎడమవైపు నేను. కుడివైపు గ్రేసమ్మ పెద్దమ్మ సువార్తమ్మ, ఎనభై దాటిన మనిషి, తెల్లచీర. సుభద్ర పిడికిలి ఆకు అంచు మీద పెట్టి, బొటనవేలితో కత్తి తోసి, గారెను కోయడం మొదలుపెట్టింది. చప్పుడు లేదు, మెరుపు లేదు. నేను ముందుకి వంగి అడ్డం కూర్చున్నాను.

"ఏంది బావగారూ, అక్కయ్య ఆకు మీదకి పడతన్నారు? మీ ఆకులో అయిపోయినయ్యా గారెలు?"

ప్రకాశం నా వీపు వెనకే ఉన్నాడు. నేను ఇటు జరిగితే అటు, అటు జరిగితే ఇటు వంగాడు. చివరికి చూశాడు. అతని గొంతు నిండా ఉన్నది ప్రేమే, అందులో నాకు అనుమానం లేదు.

"ఒరేయ్! వంటాయన దగ్గర కత్తి తీసుకురండ్రా, పెద్దది! అక్కయ్య గారె కోసుకుంటంది, చేతిలో గోరంత కత్తి ఉంది పాపం!"

బల్ల ఈ చివర నుంచి ఆ చివరికి తలలన్నీ తిరిగాయి. "ఆ బస్సులో కత్తే!" అన్నాడు ఎదురు వరసలోంచి తలపాగా ఆయన, చుట్టాన్ని గుర్తుపట్టినంత సంతోషంగా. నేను సుభద్ర ముఖం చూడలేననుకుంటూనే చూశాను. ఆ గృహప్రవేశం నాటి ముఖమే. ఆమె కత్తి మూసి, ఆకు అంచు పట్టుకుని మడవబోయింది.

ఆమె చేతి మీద సువార్తమ్మ చెయ్యి పడింది.

"ఆకు మడవమాక అమ్మాయ్. అదేంది నీ చేతిలో? ఇటు జూపియ్యి."

సుభద్ర పిడికిలి విప్పింది. ముసలమ్మ కత్తిని కళ్ళ దగ్గర పెట్టుకుని చూసి, మళ్ళీ ఆమె ఆకు పక్కన పెట్టి, తన గారెను ఇటు తోసింది.

"నాది కొయ్యి. పళ్ళు ఊడిపోయి ఎన్నాళ్ళాయెనో. ప్రతి పెళ్ళిలో పులుసు జుర్రుకుని లేస్తన్నా. ఈ ప్రకాశం గాడు ఆకు చూసి 'పెద్దమ్మకి పులుసెయ్యండి, పులుసెయ్యండి' అని అరవటమే గానీ, ముక్కెందుకు తినట్లేదని ఒక్కనాడన్నా అడిగాడా?"

"నువ్వు చెప్పలేదు గదా పెద్దమ్మా" అన్నాడు ప్రకాశం.

"నేనేందిరా చెప్పేది, సిగ్గుగాదూ?"

సుభద్ర ఆ గారెను దగ్గరికి లాక్కుంది. తర్వాత కత్తి తెరిచింది. "ఎంత ముక్కలు చెయ్యమంటారు పెద్దమ్మా?"

"నీకెంత కావాలో అంతే చెయ్యి."

"నాకు గొంతు సన్నమండీ. ఆపరేషనైంది. చింతగింజంత అయితేనే దిగుతుంది." అందరికీ వినబడేలా అంది. మూడేళ్ళలో ఇంటి బయట ఆ మాట అనడం నేను వినలేదు.

"అంతే చెయ్యి. ఎవరు తరుముతన్నారు మనల్ని?"

ఇద్దరూ మొదలుపెట్టారు. ఆమె ఒక ముక్క, ఈమె ఒక ముక్క. గారె తర్వాత కోడిముక్క, నారలు తీసి, సన్నగా. వరసలో మిగతా అందరి ఆకులూ ఖాళీ అయ్యాయి. పెద్దామె లేవకుండా ఎవరు లేస్తారు? వేళ్ళకి పులుసు ఎండి బిగుసుకుపోతోంది. రెండో బంతివాళ్ళు వచ్చి మా కుర్చీల వెనక నిలబడ్డారు, పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. వంటాయన పంపిన కత్తి, మేకను కొట్టేది, బల్ల మధ్యలో పెట్టారు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఎవరూ చూడకూడదని నేను రెండు రోజులు కొట్టుకొట్టూ తిరిగాను. ఇప్పుడు షామియానా మొత్తం, చేతులు ఎండబెట్టుకుని, మా ఆవిడ ఎప్పుడు నమిలి మింగుతుందా అని చూస్తోంది.

ప్రకాశం నా చెవి దగ్గరకి వంగాడు. "బావగారూ, అక్కయ్యకి ఇంకా ఎంతసేపు పట్టుద్ది?"

నేను జవాబు చెప్పేలోగా సుభద్ర తలెత్తకుండానే అంది, "ప్రకాశం గారూ, ఇంకో రెండు గారెలు వెయ్యండి. పెద్దమ్మకొకటి, నాకొకటి."

అతను గంపవైపు నడిచాడు. నేనూ ఆకు సర్దుకుని, కాస్త పులుసు వెయ్యమన్నాను.